మూరెడు లోతు యంత్రం

మా అక్క వీరవేణి మా ఇంటి నేల కిందికి వెళ్లి ఇది మూడో రోజు. ఉదయం పది గంటలకు ఆమె జానెడు లోతులో ఉంది. ఈ పొద్దుటి నుంచి గంటకు నాలుగు వేళ్ల చొప్పున దిగుతోంది.

ఆమె తలకిందులుగా నడుస్తోంది. అరికాళ్లు మా అరికాళ్ల వైపు, తల పాతాళం వైపు. కాలి మట్టెల చప్పుడు టక్కు టక్కుమని ఇంట్లో అన్ని గదుల్లోనూ ఒకేసారి వినిపిస్తుంది కాబట్టి ఎక్కడ తవ్వాలో తెలియదు. బావ దొరబాబు వంటగదిలో ఇప్పటికి మూడు గోతులు తవ్వాడు. మూడింటిలోనూ మట్టి వెచ్చగా ఉంది. మనిషి లేదు.

వీధి గదిలో హెడ్ కానిస్టేబుల్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫిర్యాదు రాస్తున్నాడు. కాగితం అంతా నిండింది. నేరస్తుడి పేరు రాయాల్సిన చోట మాత్రం ఆయన కలం కాగితాన్ని తాకడం లేదు. వేలెడు ఎత్తున ఆగిపోతోంది. ఆయన బలంగా నొక్కి చూస్తాడు. దిగదు.

"ఎవరు దింపేరో పేరు కావాలి," అంటాడు. "నోటి మాట చెల్లదు. లోహం మీదున్న పేరైతే రాసుకుంటాను."

అక్క ఒంటి మీద లోహం ఏముందని అడుగుతాడు. వెండి మట్టెలు, చంకలో స్టీలు బిందె అని చెబుతాను.

"ఆ బిందె మీద పేరుందా?"

"ఉందండి."

"ఎవరు కొట్టేరు?"

"నేనేనండి."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. నేను స్టీలు సామాన్ల కొట్లో గిన్నెల మీద పేర్లు కొడుతుంటాను. సూది మెషీను ఆనిస్తే చుక్కలు చుక్కలుగా అక్షరాలు పడతాయి. ఏ గిన్నె చేతికొచ్చినా ముందు బోర్లించి, అడుగున నా పేరు కొట్టి సూది పదును చూసుకుంటాను. తర్వాత తిప్పి, అంచు మీద సొంతదారు పేరు కొడతాను. అడుగు ఎవరూ చూడరు. పద్దెనిమిదేళ్లుగా ఎవరూ చూడలేదు.

ఆదివారాలు మాత్రం రైలు వంతెన కింద ఇసుకతిన్నెల మీద మెటల్ డిటెక్టరు పట్టుకుని తిరుగుతాను. రైల్లోంచి జనం దణ్ణం పెట్టి గోదాట్లో వేసిన నాణేలు వెతకడం నా సరదా. ఆ డిటెక్టరు నిన్న వినడం మానేసింది. మట్టెల చప్పుడు మాకందరికీ వినిపిస్తుంటే దానికి మాత్రం వినిపించలేదు. గోడకు ఆనించి నిలబెడితే మెల్లగా గోడ వైపు తిరిగింది.

కొత్తది కొనాలి. నాకు అనుమానం బావ మీద. ఇన్ని గోతులు ఇంత తీరుగా తవ్వేవాడికి తవ్వడం ముందే వచ్చి ఉండాలి.

నేను చెప్పులు వేసుకుంటుంటే అమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడుతుంది.

"పేరు సంగతి హెడ్డుగారు చూసుకుంటారు, నూకరాజూ. నువ్వు అక్కని తీసుకురా."

డిటెక్టర్ల షాపు మెయిన్‌రోడ్డులో రెండు బట్టల కొట్ల మధ్య, మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందులో ఉంది. నడిచేకొద్దీ పొడవవుతుంది. రెండు గోడలకూ యంత్రాలు వేలాడుతున్నాయి. నా బెల్టు బకిలు చూసి ఒక్కొక్కటీ గొంతు సవరించుకుంటున్నాయి. పావుగంట నడిచాక షాపు యజమాని సుభానీ గారు కనిపిస్తాడు. ఆయన ఎడమ చెయ్యి మోచేతి దాకా ఒక ఇసుక తొట్టిలో పాతి ఉంది. కొనేవాళ్లకు చూపించడానికి నమూనా అంటాడు.

"మీది ఆదివారం బాపతేనాండీ?"

"ఆదివారం బాపతేనండి. ఎక్కువ పెట్టలేను."

కుడిచేత్తో రెండు యంత్రాలు దించుతాడు. ఒకటి ఆకుపచ్చది. దాని కింద పళ్లెం సైకిలు చక్రమంత ఉంది. రెండు నిలువుల లోతు దాకా వింటుంది. కానీ ఏ లోహానికైనా ఒకటే కూత. మేకుకూ గొలుసుకూ తేడా చెప్పదు. రెండోది బూడిదరంగుది, పళ్లెం అరచేయంత. లోహం ఏదో, దాని మీద ఏ పేరుందో పైకి చదివి చెబుతుంది. లోతు మాత్రం మూరెడే.

రెండింటి ధరా ఒకటే. నా దగ్గర ఒకదానికే ఉంది.

రెండు పనులూ చేసే యంత్రం ఒకటి పై అరలో ఉంది. నేను తలెత్తినప్పుడల్లా ఆ అర ఇంకొంచెం పైకి జరుగుతుంది. నాలుగోసారి ఎత్తడం మానేస్తాను.

బూడిదరంగుదాన్ని తొట్టి మీద పెడతాడు. "ఇత్తడి. ఉంగరం. సుభానీ," అంటుంది అది, బ్యాంకు గుమాస్తా గొంతుతో. ఆకుపచ్చదాన్ని పెడతాడు. అది ఉంగరాన్ని దాటి, తొట్టిని దాటి, షాపు కింద ఎంతో లోతున ఉన్న దేనికో కుక్కలా మూలుగుతుంది.

"అక్కడెవరండి?"

"ఎవరో మరి. అది పేరు చెప్పదు కదండీ."

నేను రెండింటినీ చేత్తో ఎత్తి బరువు చూస్తాను. పిడి పట్టు చూస్తాను. తడి ఇసుకలో దొంగ కూతలు కూస్తుందా, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందని అడుగుతాను. జవాబులన్నీ నాకు తెలిసినవే. నెల రోజులుగా ఈ రెండింటినే ఫోన్లో పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. శుక్రవారం అక్క బిందె పట్టుకుని కొట్టుకు వచ్చినప్పుడు కూడా ఇవే చూస్తున్నాను.

ఆ బిందె అక్క తన కూలి డబ్బుతో కొనుక్కుంది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి ఆమె వేళ్లు నల్లబడిపోయాయి. ఇంట్లో ఆమె వండే గిన్నెలన్నిటి మీదా కానుకగా పెట్టినవాళ్ల పేర్లే ఉన్నాయి: మేనమామ పేరు, బావ పెదనాన్న పేరు, తోడికోడలి పుట్టింటివాళ్ల పేరు. తన పేరున్నది ఒక్కటీ లేదు. మా వీధి కుళాయి దగ్గర లైన్లో బిందే మనిషి. బిందె మీద పేరుంటే ఆ మనిషి వంతు ఇంకెవరూ తీసుకోలేరు. "దీని మీద నా పేరు కొట్టు, తమ్ముడూ," అంది.

ఫోను మోగుతుంది. అమ్మ.

"పన్నెండయ్యిందిరా. చప్పుడు సన్నబడిపోతంది. ఏదోటి తీసుకొచ్చెయ్."

పది గంటలకు పన్నెండు వేళ్ల జానెడు, అక్కడి నుంచి గంటకు నాలుగు వేళ్లు. సరిగ్గా ఒంటిగంటకు అక్క మూరెడు దాటుతుంది. సుభానీ గారు నా లెక్క నా మొహంలో చదువుకుని, రెండు యంత్రాలనూ బల్ల మీద పడుకోబెడతాడు.

"మనిషి కావాలాండీ, పేరు కావాలాండీ?"

ఆకుపచ్చది కొంటే సాయంత్రంలోగా అక్క దొరుకుతుంది. బావ గోతిలోంచి పైకి లాగుతాడు, తువ్వాలుతో మొహం తుడుస్తాడు, లోపలికి తీసుకెళతాడు. ఎవరు దింపేరని ఆ తర్వాత ఎవరూ అడగరు. లేదా అడుగుతారు. అప్పుడు అక్క నోరు విప్పుతుంది. ఆమె ఏం చెబుతుందో నాకు తెలియదు.

"పేరు," అంటాను.

"అందరూ అదే పట్టుకెళతారండి," అంటాడాయన, బూడిదరంగుదానికి బ్యాటరీలు వేస్తూ. "ఆకుపచ్చది మా నాన్న హయాం నుంచీ ఇదొక్క పీసే."

ఇంటికి నడుస్తుంటే యంత్రం దారి పొడుగునా చదువుతూనే ఉంటుంది. గేటు గొళ్లెం, పేరు లేదు. సైకిలు, పేరు లేదు. మా వీధి మలుపు తిరిగాక అరుగుల మీద తోమి బోర్లించిన గిన్నెలు వరసగా ఎండలో మెరుస్తున్నాయి. వాటి పక్కగా పోతున్నప్పుడు యంత్రం గొంతు తగ్గించి, ఒక్కో గిన్నెకూ ఒకే పేరు గొణుగుతుంది. కొత్త బ్యాటరీ కదా, కంగారు పడుతోందనుకుంటాను. తువ్వాలు తీసి దాని మీద కప్పుతాను.

ఒంటిగంటకు పావుగంట తక్కువ. బావ నాలుగో గోతిలో బోర్లా పడుకుని మట్టికి చెవి ఆనించి ఉన్నాడు. మట్టెల చప్పుడు దూరంగా ఎవరో వక్కలు కత్తిరిస్తున్నట్టు ఉంది. హెడ్ కానిస్టేబుల్ కాగితం పట్టుకుని వంటగదిలోకి వస్తాడు.

"ముందు నేల మీద పెట్టరా," అంటుంది అమ్మ.

నేను ముందు బావ మీద పెడతాను.

"ఇనుము. పార. పేరు లేదు," అంటుంది యంత్రం. "వెండి. మొలతాడు. పేరు లేదు." చొక్కా జేబు దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. "స్టీలు. చెంచా. వీరవేణి."

బావ లేచి కూర్చుని జేబులోంచి చెంచా తీస్తాడు. దాని కాడ మీద మేకుతో గీకిన అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయి. ఆయన వేళ్లకు నెత్తురు అంటి ఉంది.

"లోపల ఏం తింటందో ఏటోనని," అంటాడు నా వైపు చూడకుండా. "సందు దొరికితే వేద్దావని పొద్దున్నే గీకేను. తనదని తెలియాలి గదా, బావా."

"అది పోయిన మనిషి పేరు," అంటాడు హెడ్డు. "దింపినోడి పేరు కాదు."

నేను వదలను. మళ్లీ మొదట్నించి వెతుకుతాను. బావ బొత్తాలు, చేతి గడియారం, పారకర్ర చివరి రేకు. పేరు లేదు. పేరు లేదు. పేరు లేదు. చెప్పుల మేకులు కూడా చూస్తాను. యంత్రానికి విసుగు పుట్టి ఆవులిస్తుంది.

"నూకరాజూ," అంటుంది అమ్మ. "చప్పుడు ఆగిపోతందిరా."

అప్పుడు నేల మీద పెడతాను. పెట్టగానే కింద నుంచి అక్క మాట వినిపిస్తుంది. బావి లోపలి నుంచి వచ్చినట్టు కాదు. పక్క గదిలో కూర్చుని బియ్యం ఏరుకుంటూ మాట్లాడుతున్నట్టు ఉంది.

"తమ్ముడూ. కుళాయి కాడ నా వంతొచ్చింది. బిందె తిరగేసి చూసేరు. ఇది నీది కాదు, నీ పేరేదీ అన్నారు. నాదేనండి, మా తమ్ముడు కొట్టేడు అన్నాను. ఎవరూ నమ్మలేదు. పేరు లేనోళ్ల లైను కిందుందన్నారు. దిగేను. ఇక్కడ చానా పెద్ద లైనుంది. అందరూ ఆడోళ్లే." కొంచెం ఆగుతుంది. "నువ్వు కొట్టేవు గదా?"

శుక్రవారం నేను బిందె బోర్లించి, అడుగున నా పేరు కొట్టి సూది చూసుకున్నాను. తిప్పబోతుంటే ఫోన్లో ఆకుపచ్చదాని లోతు ఎంతో కనిపించింది. రెండు నిలువులు. సూది పక్కన పెట్టి అది చదువుతూ ఉండిపోయాను. "కొట్టేవా?" అంది అక్క. తల ఎత్తకుండా "కొట్టేను" అన్నాను. ఆమెకు చదువు రాదు. అడుగున ఉన్న చుక్కల్ని నల్లటి వేలితో ఒకసారి తడుముకుంది. బిందెను చంకనెత్తుకుని నవ్వుకుంటూ వెళ్లింది.

"కొట్టేనక్కా," అంటాను నేల వైపు వంగి.

మట్టెలు రెండుసార్లు చప్పుడవుతాయి. నమ్మినట్టు.

"స్టీలు," అంటుంది యంత్రం. "బిందె. అడుగు పైకి ఉంది. అంచు మీద పేరు లేదు. అడుగున పేరు..."

గోడ గడియారం ఒంటిగంట కొడుతుంది.

"లోతు చాలదు," అంటుంది యంత్రం. కాసేపాగి మళ్లీ అంటుంది, "లోతు చాలదు."

చప్పుడు లేదు. ఏ గదిలోనూ లేదు. బావ నాలుగో గోతిలో చేతుల్తోనే మట్టి తోడుతున్నాడు. కాసేపటికి ఆపి నన్ను అడుగుతాడు.

"లోతుకి వినే యంత్రం లేదంటనా షాపులో?"

"ఉంది," అంటాను.

"మరి?"

అమ్మ నా మొహంలోకి చూస్తుంది. తర్వాత గోడ దగ్గరకు వెళ్లి, నా పాత డిటెక్టరు పక్కన, దానిలాగే గోడ వైపు తిరిగి నిలబడుతుంది.

"పేరు సగంలో ఆగింది," అంటాడు హెడ్డు. "పూర్తి కావాలి."

యంత్రాన్ని నేలకు ఇంకా గట్టిగా నొక్కుతాను. అది వినదు. నా చేతుల్లోనే మెల్లగా తిరిగి, పళ్లెం పైకి పెడుతుంది. ఇంటి కప్పు మూత తీసినట్టు పక్కకు జరుగుతుంది.

పైన ఆకాశం స్టీలు రంగులో ఉంది. నాలుగు వైపులా వంగి, ఊరి చివర పొలాల అవతల అంచులా దిగి ఉంది. అది కుడికి ఒరుగుతుంది, ఎడమకు ఒరుగుతుంది, మళ్లీ కుడికి ఒరుగుతుంది, ఎవరో బిందె చంకనెత్తుకుని నిదానంగా నడుస్తున్నట్టు. ఒరిగినప్పుడల్లా గోదారి ఒక పక్కకు తొణుకుతుంది. వంతెన మీద రైలు ఒక పక్కకు జారి, మళ్లీ వెనక్కి వస్తుంది. అరుగుల మీది గిన్నెలు కదలకుండా బోర్లా ఉన్నాయి. మేం అక్క చంకలో ఉన్నాం. ఆమె లైన్లో ముందుకు నడుస్తోంది.

నడినెత్తిన ఆకాశంలో చుక్కలు చుక్కలుగా అక్షరాలు లోపలికి ఉబ్బి ఉన్నాయి. పల్చటి స్టీలు మీద సూది గట్టిగా ఆనితే లోపలి వైపు అలాగే ఉబ్బుతుంది, అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. తిరగబడ్డా సరే, కొమ్ము కొట్టేటప్పుడు చివర వంకీ తిప్పే చెయ్యి ఎవరిదో నాకు తెలుసు.

హెడ్ కానిస్టేబుల్ కలం దానంతటది కిందికి దిగి కాగితాన్ని తాకుతుంది. బావ చెంచా పట్టుకుని పైకి చూస్తున్నాడు. యంత్రం గొంతు సవరించుకుంటుంది. ఈసారి అది గుమాస్తా గొంతు కాదు, నాది. ఊరంతటికీ వినిపించేలా, తాపీగా చదువుతుంది.

"నూకరాజు."