ముసలమ్మ 212

వాన రెండింటికి మొదలైంది. మూడయ్యేసరికి వీధిలో మోకాలి లోతు నీళ్లు. లోపల మంచం మీద అత్తగారు రెండు చేతులూ పరుపుకి ఆనించి కూర్చుని, ఊపిరి కోసం పెనుగులాడుతోంది. ఆవిడ గుండెల్లోంచి వస్తున్న పిల్లికూతలు వంటింట్లోకి కూడా వినిపిస్తున్నాయి.

అంబులెన్స్ వాళ్లు నలభై నిమిషాలు పడుతుందన్నారు. రోడ్డు మీద ఒక్క బండీ ఆగలేదు. కోడలు మూడో ఫోన్ మందుల షాపు బాబాయ్‌కి చేసింది.

"బాబాయ్, అత్తయ్యకి అస్సలు ఊపిరి ఆడట్లేదు. మీ కారు తీయగలరా?"

"కారా? బ్యాటరీ పోయిందమ్మాయ్. తీసి రెండు నెలలైంది..." అని ఆగాడు. పిల్లికూతలు ఫోన్లో ఆయనకీ వినిపించి ఉంటాయి. "సరే. వస్తున్నా. గుమ్మంలోకి తీసుకొచ్చి ఉంచు."

ఆ ఫోన్ ఆమెది కాదు, ఆమె భర్తది. అద్దం మూల పగిలి ఉంది. వీధిలో అందరూ అతన్ని రేడియో అనేవారు. కార్లలో పాటల పెట్టెలు బాగుచెయ్యడం అతని పని. కొత్త కార్ల జోలికి పోయేవాడు కాదు. పదిహేను, ఇరవై ఏళ్ల పాత కార్లంటే ప్రాణం. వైరు లేకుండా ఫోన్ కలవడమంటే ఏమిటో తెలియని ఆ కార్లలో, సిగరెట్ లైటర్ గుచ్చే చోట బొటనవేలంత బ్లూటూత్ ముక్క ఒకటి పెట్టి, రేడియోకి కలిపి, ఫోన్లో మాట కారు స్పీకర్లలో పలికించేవాడు. ప్రతి పాత కారూ అతనికి ముసలమ్మే. దాని యజమాని ముసలమ్మ మొగుడు.

ముక్కని ఇంటి దగ్గరే తన ఫోన్‌తో కలిపి పరీక్షించి, ఫోన్లో దానికో పేరు రాసుకునేవాడు. ముసలమ్మ 140, ముసలమ్మ 141, అలా. పనయ్యాక ఆ పేరు తీసెయ్యాలి. తీసేవాడు కాదు. అందువల్ల రోడ్డు మీద పాత ఖాతాదారు కారు పక్కన ఆగితే చాలు, ఇతని ఫోన్ వెళ్లి దానికి తగులుకునేది. ఆ కార్లో వినే పాట కాస్తా ఆగిపోయేది.

"తీసి పారెయ్యొచ్చు కదా ఆ పేర్లన్నీ!" అని ఆమె కసిరేది.

"అమ్మాయిల్ని అత్తారింటికి పంపాక ఫొటోలు చింపేస్తామా ఏంటి?" అనేవాడు.

రెండు నెలల కిందట ఒక సాయంత్రం ఊరి చివర గోడౌన్ల మలుపులో, గోడ పక్కన పడి ఉన్నాడు. ఏదో బండి గుద్ది వెళ్లిపోయింది. ఎవరో చూసి ఆసుపత్రికి చేర్చేసరికి చీకటి పడింది. ఒక్క గంట ముందు తెచ్చి ఉంటే బతికేవాడని డాక్టర్ అన్నాడు. ఆ మాట ఆమెకి నిద్రలో కూడా వినపడుతుంది.

సంచిలో పనిముట్లన్నీ ఉన్నాయి. ఒక్కటి లేదు. ముందు రోజు రాత్రి అన్నం తింటూ, ఎడం చేత్తో పరీక్షించిన కొత్త ముక్క. దానికి పేరు రాస్తున్నప్పుడు ఆమె పక్కనే ఉంది. ముసలమ్మ 212.

"రేపు దీనికి పెళ్లి," అన్నాడు.

"మొగుడెవరో?"

"పెద్దమనిషే. పెళ్లయ్యాక చెప్తా."

ఆ పెద్దమనిషి ఎవరో తెలియలేదు. ఫోన్లో కొత్త నెంబర్ ఏదీ లేదు. ఆ మనిషి తనంతట తాను ముందుకి రాలేదు. ప్రతి సోమవారం ఆమె ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసేది. "ఏదైనా ఆధారం దొరికితే చెప్పండమ్మా," అనేవాడు ఆయన, ఆధారాలు వెతకడం ఆమె పని అయినట్టు.

బాబాయ్ మాత్రం ఆ రెండు నెలలూ కొండంత అండగా నిలబడ్డాడు. చావు కబురు విని ముందుగా వచ్చింది ఆయనే. అత్తగారి మందులు అడక్కముందే తెచ్చి గుమ్మంలో ఇచ్చిపోయేవాడు. లోపలికి రమ్మంటే రాడు. కారు మూలపడిందని వానలో కూడా స్కూటర్ మీదే వచ్చేవాడు.

ఇవాళ కారులో వచ్చాడు. బూడిదరంగు పాత కారు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని పెద్దావిడని వెనక సీట్లో కూర్చోబెట్టారు. కోడలు పక్కన ఎక్కి, ఆవిడ తల భుజం మీదికి తీసుకుంది. బాబాయ్ తాళం తిప్పాడు. స్పీకర్లలో టింగుమని చిన్న చప్పుడైంది.

అదే క్షణంలో ఆమె చేతిలో ఫోన్ వణికింది. అంబులెన్స్ వాళ్లేమోనని చూసింది.

'ముసలమ్మ 212. కనెక్ట్ అయింది.'

ఆమె ఆ అక్షరాలు మళ్లీ చదివింది. తర్వాత ముందుకి చూసింది. గేరు పక్కన, లైటర్ గుచ్చే చోట, బొటనవేలంత నల్లటి ముక్క. నీలం దీపం వెలుగుతోంది.

పొరపాటేమో! ఇలాంటివి అంగట్లో వందలుంటాయి. కానీ ఈ పేరు అంగట్లో దొరికేది కాదు. అతను స్వయంగా రాసింది. ఈ ఫోన్ తెలిసిన ముక్కనే పలకరిస్తుంది తప్ప, ముక్కూ మొహం తెలియని దాన్ని పలకరించదు.

కారు నీళ్లు చిమ్ముకుంటూ వీధి దాటింది.

"అమ్మా, కొంచెం ఓర్చుకో. వచ్చేశాం," అన్నాడు బాబాయ్ వెనక్కి తిరక్కుండానే.

"చల్లగా ఉండు నాయనా," అంది అత్తగారు, మాటకో ఊపిరి తీసుకుంటూ. "మా వాడు... ఉంటే... ఎలా చూసేవాడో... నువ్వూ..."

"మాట్లాడకండత్తయ్యా," అంది కోడలు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఇన్‌స్పెక్టర్ నెంబర్ తీసి, నొక్కబోయి ఆగిపోయింది. నొక్కితే ఆయన గొంతు పలికేది తన చెవిలో కాదు. కారు స్పీకర్లలో.

ఇంతలో బాబాయ్ చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఆయన జేబు వైపు చూశాడు, నీలం దీపం వైపు చూశాడు.

"ఇదేంటి, జేబులో మోగుతోంది? ఇందులో రావాలి కదా!"

ఆయన మామూలుగానే అడిగాడు. ఆమె నోరు కూడా మామూలుగానే, భర్త ఖాతాదారులకి చెప్తుంటే వందలసార్లు విన్న జవాబు చెప్పేసింది.

"ఇది ఒక్క ఫోన్‌నే పట్టుకుంటుంది బాబాయ్. ఇంకో ఫోన్ ముందే పట్టేసుకుంది."

"ఇంకోటా? నీదా? నీది దీనికి ఎప్పుడూ కలపలేదే."

"నాది కాదు. ఆయనది."

జేబులో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. అద్దంలో ఆయన కళ్లు ఒక్కసారి ఆమె కళ్లకి తగిలి, పక్కకి తప్పుకున్నాయి. స్టీరింగ్ మీద వేళ్లు తెల్లబడ్డాయి.

ముందు కూడలి. ఎడమకి తిరిగితే ఆసుపత్రి. తిన్నగా పోతే బైపాస్ రోడ్డు, ఆ తర్వాత పొలాలు, వాన. కారు వేగం తగ్గలేదు. ఆమె ఒక చేత్తో అత్తగారిని గట్టిగా పట్టుకుని, రెండో చెయ్యి తలుపు పిడి మీద వేసింది. దూకాలంటే ఒక్కతే దూకగలదు. అది తెలిసీ పిడి వదల్లేదు.

ఆఖరి క్షణంలో కారు ఎడమకి తిరిగింది.

ఆసుపత్రి వాకిట్లో ఇద్దరు మనుషులు స్ట్రెచర్ తెచ్చారు. బాబాయ్ కిందికి దిగలేదు. ఇంజిన్ ఆపలేదు.

"నువ్వు వెళ్లమ్మాయ్," అన్నాడు స్టీరింగ్ వైపే చూస్తూ. "ఆవిణ్ణి చూసుకో."

ఆమె స్ట్రెచర్ వెంట పరిగెత్తింది. పెద్దావిడని తెర వెనక్కి తీసుకెళ్లి, ఆమెని గాజు తలుపుల దగ్గరే ఆపేశారు. తలుపులకి ఇవతల ఆమె. అవతల, గట్టిగా పది అడుగుల దూరంలో, కారు. ఫోన్ చూసింది. ఇంకా కనెక్ట్ అయ్యే ఉంది. అది ఉన్నంతసేపూ ఆయన అందుబాటులోనే ఉన్నట్టు. గేరు మారిస్తే పోయినట్టే.

వెళ్లి తాళం లాక్కోవాలా? అరవాలా? ఏమని అరవాలి? ఫోన్లో నాలుగు మాటలు చూపిస్తే ఎవరు నమ్ముతారు?

అప్పుడు తట్టింది. ఇన్‌స్పెక్టర్ గొంతు ఆ స్పీకర్లలో పలుకుతుంది. నిజమే. కానీ ఆ ముక్కకి చెవి కూడా ఉంది. కారులో మాట్లాడే మాట ఇన్‌స్పెక్టర్‌కి వినపడుతుంది.

నొక్కింది.

ఫోన్ చేతిలో మూగగా ఉంది. గాజు వెనకాల, వాన తెరల్లోంచి, బాబాయ్ ఉలిక్కిపడడం కనిపించింది. తల వంచి ఆ నల్ల ముక్కని చూశాడు. ఫోన్ తెర మీద సెకన్లు కదులుతున్నాయి. పది. ఇరవై. ఆయన చెయ్యి ముక్క వైపు వెళ్లింది. పీకేస్తాడు అనుకుంది. చెయ్యి దాని దాకా వెళ్లి, ఒళ్లో పడిపోయింది.

పెదవులు కదిలాయి.

ఒక్క ముక్క వినపడలేదు ఆమెకి. తెర మీద నాలుగు నిమిషాల పదకొండు సెకన్లయ్యాక అటు నుంచి పెట్టేశారు. ఆయన ఇంజిన్ ఆపి, నుదురు స్టీరింగ్‌కి ఆనించి, పోలీసు బండి వచ్చేదాకా అలాగే ఉన్నాడు.

తీసుకెళ్లేముందు ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీరే చేశారనుకుని, చెప్పండమ్మా అన్నాను. చాలాసేపు వైపర్ల చప్పుడే. తర్వాత మగగొంతు."

"ఏమన్నాడు?"

"వాళ్లిల్లు గోడౌన్ల వెనకేనట కదా. అక్కడే బిగించాడట మీ ఆయన. బిగించాక, ఓనర్ని ఒక రౌండు ఒంటరిగా వేసి రమ్మని, తను రోడ్డు పక్కన నిలబడతాడట."

"అవును. ఎప్పుడూ అంతే."

"మలుపులో ఫోన్ మోగింది. ఎవరా అని ఆ ముక్క వైపు చూశాడు. రోడ్డు చూడలేదు." ఆయన ఆగాడు. "ఇంకా వినాలా?"

"చెప్పండి."

"దిగాడట. మీ ఆయన బతికే ఉన్నాడట. కారు ఎక్కించమని చెయ్యి చాచాడట."

ఆమె గాజు తలుపుల్లోంచి కారు వైపు చూసింది. ఈ కారే. ఆ వెనక సీటే.

నర్సు పిలిచింది. సమయానికి తెచ్చారు, ఇంకో పావుగంటైతే కష్టమయ్యేది అంది. తెర వెనక అత్తగారు ముక్కు మీద గొట్టంతో, తేటపడిన మొహంతో పడుకుని ఉంది.

"ఆయన వెళ్లిపోయాడా?" అంది నీరసంగా. "వానలో తడిసి ఉంటాడు పాపం. వేడిగా ఏదైనా తాగించావా?"

కోడలు స్టూల్ మీద కూర్చుని, ఆవిడ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"చెప్తానత్తయ్యా. ముందు ఊపిరి పీల్చుకోండి."