ఎవరిదీ కాని ఇరవై పిక్సెళ్ళు

"చిన్నాయన ఒప్పుకున్న్యాడు!" అంటూ మహీధర్ వంటింట్లోకి దూసుకొచ్చాడు. కనుబొమ్మల నిండా బండల పొడి. పెళ్ళయి ఇరవై మూడు రోజులవుతున్నా ఆ తెల్ల కనుబొమ్మలు చూస్తే నాకింకా నవ్వాగదు. ముసలాడయ్యాక ఎలా ఉంటాడో రోజూ సాయంత్రం ముందే చూపిస్తుంటాడు.

"దేనికి?"

"నాయన ఫోటో పక్కన ఆయన ఫోటో పెట్టనీకి. నువ్వు చేస్తాండే వెబ్ పేజీలో!"

నేను అట్లకాడ పట్టుకునే ఎగిరాను. పెనం మీద దోశ మాడింది. దాన్ని చెరి సగం తిన్నాం. అంత రుచైన మాడు దోశ జమ్మలమడుగులో ఇంకెవరూ తిని ఉండరు.

ఇంత సంబరం ఎందుకంటే, మా మామ ఓబుళరెడ్డికి బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. ఆయన తమ్ముడు గుర్విరెడ్డికి బండల గని ఉంది. రెండింటికీ మధ్య ఒక్క రోడ్డు. ఆరేళ్ళ క్రితం రెండు పొలాల మధ్య గెనిమ గట్టు దగ్గర, దున్నేటప్పుడు ఎవరి మడక జానెడు అవతలికి జరిగిందనే దాని మీద ఇద్దరికీ మాటలు పోయాయి. అప్పటి నుంచి తమ్ముడి బండ పాలిష్ కోసం ప్రొద్దుటూరు పోతుంది. అన్న ఫ్యాక్టరీకి బండ మైలవరం అవతల నుంచి వస్తుంది. మా పెళ్ళి ఆల్బంలో నాలుగు వందల ఫోటోలున్నాయి, ఇద్దరూ కలిసి ఉన్నది ఒక్కటీ లేదు.

ఇప్పుడు పులివెందులలో కల్యాణమండపం కడుతున్నవాళ్ళు, బండా పాలిషూ ఒకరి దగ్గరే దొరికితే మొత్తం బండలు వాళ్ళ దగ్గరే కొంటామన్నారు. వెబ్ పేజీ ఉంటే చూపించమన్నారు. అన్నదమ్ములిద్దరూ సమానంగా కనిపించాలని చిన్నమామ షరతు.

"ఇది గూడా చెడిపోతే ఇంక వాళ్ళను కలిపేదానికి ఏమీ లేదు మ్మా" అని మా అత్త పద్మావతమ్మ నా చెయ్యి పట్టుకుంది.

మరుసటి రోజు ఇద్దరినీ సోఫా మీద కూర్చోబెట్టి, ముందు టేబుల్ మీద నా ల్యాప్‌టాప్ పెట్టాను.

"ముందు పెట్టెలు చేసుకుంటాం మామా. పైన పొడుగ్గా ఒకటి, మన పేరుకు. దాని కింద రెండు, మీ ఇద్దరికీ. ఏ పెట్టెలో ఏముందో ఒక ఫైల్లో రాస్తాం. అది గనిలోంచి తీసిన బండ. ఎంత వెడల్పు, ఏం రంగు, ఎంత ఎడం అనేది స్టైల్ షీట్‌లో రాస్తాం. అది పాలిష్."

"అంటే పాలిష్ లేకుంటే ఏమీ లేదు" అన్నాడు మామ, గోడతో.

"బండే లేకుంటే పాలిష్ దేనికి పడతారో" అన్నాడు చిన్నమామ, అదే గోడతో.

స్టైల్ షీట్‌లో రెండు పెట్టెలకూ చెరి సగం వెడల్పు, మధ్యలో ఇరవై పిక్సెళ్ళ ఎడం అని రాశాను. ఇద్దరి ఫోటోలూ పక్కపక్కన చేరాయి. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

"మధ్యలో ఆ తెల్ల జాగా ఎవరిది?" అన్నాడు మామ.

"ఎవరిదీ కాదు మామా."

"ఎవరిదీ కాని జాగా యాడన్నా ఉంటాదా?"

మొదటిసారి చిన్నమామ అన్నతో ఏకీభవించి తలూపాడు.

బండలు పరిచే జీషాన్ మేస్త్రీని పిలిపించారు. ఆయన టేపు పెట్టి తెర మీద రెండు పెట్టెలూ కొలిచాడు. రసమట్టం ల్యాప్‌టాప్ మీద పెట్టాడు. బుడగ పక్కకు జరిగింది. చిన్నమామ ముఖం మారింది. జీషాన్ నెమ్మదిగా వంగి, టేబుల్ కాలి కింద మా పెళ్ళి పత్రిక మడిచి పెట్టాడు. బుడగ నడిమికి వచ్చింది.

"బరాబర్ ఉండాది రెడ్డీ. ఇంత బాగా నేను గూడా పరచల్యా" అన్నాడు.

స్టైల్ షీట్‌లో కంప్యూటర్ చదవకుండా వదిలేసే వ్యాఖ్యలు కూడా రాసుకోవచ్చు. అక్కడ నేను 'ఎడమ పది పిక్సెళ్ళు ఓబుళరెడ్డివి, కుడి పది పిక్సెళ్ళు గుర్విరెడ్డివి' అని రాశాను. ప్రింటు తీయిస్తే ఇద్దరూ సంతకం పెట్టారు. జీషాన్ సాక్షి.

అప్పుడు చిన్నమామ తన ఫోన్లో పేజీ తెరిచాడు.

"నేను యాడుండా?"

"పేజీ కొంచెం కిందికి జరపండి చిన్నమామా. ఫోన్ సన్నంగా ఉంటుంది గదా, పక్కపక్కన పట్టక ఒకదాని కింద ఒకటి..."

"కిందికా?"

గబగబా వరుస తిప్పేశాను. ఇప్పుడు చిన్నమామ పైన, మామ కింద. మామ సోఫాలోంచి లేచాడు.

"సరి రోజుల్లో మామ పైన, బేసి రోజుల్లో చిన్నమామ పైన పెడతా" అన్నాను.

"అమావాస్య ఎవరికొస్తాది?" అన్నాడు మామ.

"నాకే తగిలిస్తారులే" అంటూ చిన్నమామ లేచి ఒక చెప్పు తొడిగాడు. రెండోది కాలితో వెతుకుతున్నాడు. మహీధర్ నాకేసి చూశాడు. స్టైల్ షీట్‌లో ఎంత వెతికినా ఆ చెప్పును ఆపే వాక్యం నాకు తట్టలేదు.

అత్త ఫోన్ అందుకుంది. కళ్ళద్దాలు దగ్గర లేవు. పెద్దగా కనపడుతుందని అడ్డంగా తిప్పి పట్టుకుంది.

"ఇద్దరూ పక్కపక్కనే ఉండారు గదా! మీ కండ్లకేం పుట్టింది?"

అడ్డంగా తిప్పితే తెర వెడల్పవుతుంది, రెండు పెట్టెలూ పడతాయి! పరుగున ల్యాప్‌టాప్ ముందుకు చేరి రాశాను: ఫోన్ నిలువుగా ఉంటే ఇద్దరినీ దాచు, 'దయచేసి ఫోన్ అడ్డంగా పట్టుకోండి' అన్న ఒక్క ముక్క చూపించు.

చిన్నమామ నిలువుగా చూశాడు. ఇద్దరూ లేరు. అడ్డంగా చూశాడు. ఇద్దరూ ఉన్నారు. పదిసార్లు తిప్పి చూసి చెప్పు విప్పాడు.

"బాగుండాది. అయితే పులివెందులోళ్ళు తిప్పకపోతే?" అన్నాడు మహీధర్.

మా మామ గోడకేసి చూడలేదు. ఆరేళ్ళ తర్వాత తమ్ముడి ముఖంలోకే చూశాడు.

"ఏంరా గుర్వీ, వాళ్ళు తిప్పకపోతే మనమే పోయి తిప్పిద్దామా?"

చిన్నమామ గొంతు సవరించుకున్నాడు. "పోదాంన్నా. అయితే కార్లో ముందు సీట్లో ఎవరు?"

"ఎవరూ వద్దు. ఇద్దరం వెనకే. కోడలు తోలుతాది. రేపు పొద్దన్నే ఆరింటికి ఈడుండు. మండపమోళ్ళ ఫోన్లు అడ్డం తిప్పించి, వచ్చేటప్పుడు దారి చుట్టయినా పెండ్లిమర్రి మీద వద్దాం. ఆడ మా బామ్మర్దోళ్ళ ఇంట్లో గూడా నాలుగు ఫోన్లుండాయి."