జబ్బార్ ముక్కు

గ్యాస్ వాసన వస్తోందని షంషాద్, రావడం లేదని ఫరా. రోజాకు ముందు తెల్లవారుజామున తినే సహరీ వంట ముగిసినప్పటి నుంచి తల్లీకూతుళ్లకు ఇదే గొడవ. చివరకు ఇద్దరూ తప్పుకుని అబ్దుల్ జబ్బార్‌కు వంటింట్లోకి దారిచ్చారు.

అతను సిలిండర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని గాలి పీల్చాడు. సన్నటి మనిషి. టీ మరకలకు గోళ్లు ఎప్పుడో గోధుమరంగుకు తిరిగాయి.

"ఏం రావట్లా," అన్నాడు లేస్తూ.

"అబ్బా ముక్కుకే రాకపోతే ఇంకెవరికొస్తది అమ్మీ," అంటూ ఫరా కాలేజీ బ్యాగు తగిలించుకుంది.

"అవున్లే. నా ముక్కుండేది ముక్కుపుడకకేగా," అంది షంషాద్.

ఆ ఇంట్లో పాలు విరిగాయో లేదో, అత్తరు అసలుదో కాదో జబ్బారే తేల్చాలి. నరసరావుపేట బజారులో మల్లికార్జున టీ పొడి దుకాణంలో అతని వయసంతా గడిచింది. అస్సాం పొడి, నీలగిరి ఆకు రుచి చూసి పాళ్లు కలపడం అతని పని. కారంపూడి, రెంటచింతల హోటళ్ల వాళ్లు జబ్బార్ కలిపిందేనా అని అడిగి మరీ కొంటారు.

పోయిన వానల్లో వచ్చిన జ్వరంతో అతనికి వాసన తెలియడం పోయింది. తిరిగి వస్తుందనుకుని ఎవరికీ చెప్పలేదు. వగరు, చేదు, చిక్కదనం నాలుక చెప్పేది. దానితో నెట్టుకొచ్చాడు. రంజాన్ నెలలో మాత్రం పగలు నాలుక మీద చుక్క వేయడు. ఏటా ఆ నెలంతా ఆవిరి పీల్చే పాళ్లు చెప్పేవాడు. పొద్దున సిలిండర్ దగ్గర కూడా, ముక్కు ఉన్న రోజుల్లో చెప్పినట్టే చెప్పేశాడు. వీధి మలుపులో అది తట్టి ఆగాడు. వెనక్కి వెళ్లి ఏమని చెప్పాలి? నడిచాడు.

మధ్యాహ్నం దాటాక మల్లికార్జున తెల్ల కప్పులు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో రకం వేసి వేడినీళ్లు పోశాడు. ఎండలు ముదిరేలోపు మూలికల టీలు కూడా అమ్మాలని అతని ఆలోచన. ఏది ఏదో చెప్పడానికి జబ్బార్ ఒక్కో కప్పు ముఖం దగ్గరకు ఎత్తాడు. వేడి తప్ప ఏమీ తగల్లేదు. ఇటుకరంగు చూసి అస్సాం అన్నాడు, ఎరుపు చూసి మందార పూలు అన్నాడు. తులసి, నిమ్మగడ్డి రెండూ ఒకే లేత పసుపు. తడబడి తారుమారు చేశాడు.

"ఒక్కపొద్దు ఎక్కువైంది జబ్బార్ భాయ్," అని మల్లికార్జున నవ్వాడు.

చివరిది ఆ ఉదయమే లారీలో దిగిన నీలగిరి ఆకు. జబ్బార్ గుప్పెడు తీసి నలిపాడు. ఆకు చక్కగా చుట్టుకుని, నల్లగా మెరుస్తోంది. నీళ్లు పోయించి కప్పు మీద చాలాసేపు వంగాడు.

"బాగుంది. రేపట్నుంచి దీన్నే కలుపుదాం."

మల్లికార్జున నవ్వు ఆగిపోయింది. తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "ఏంది భాయ్? లారీలో మిరపచేల మందు డబ్బాలు కారినట్టుండాయి. బస్తా అంతా పురుగుమందు కంపు."

జబ్బార్ కప్పు కింద పెట్టాడు. ఇంటికి ఫోన్ చేశాడు. షంషాద్ ఎత్తలేదు. ఇఫ్తార్‌కు పకోడీలు వేసే వేళ.

అతను చెప్పులు కూడా వేసుకోలేదు.

ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లారీల దుమ్ముకు షంషాద్ పగలంతా కిటికీలు తెరవదు. లోపలికి అడుగుపెట్టి ఆగి గాలి పీల్చాడు. అతనికి ఇల్లు పొద్దున్నలాగే శుభ్రంగా ఉంది.

పొయ్యి మీద నూనె మూకుడు. షంషాద్ చేతిలో అగ్గిపెట్టె. జబ్బార్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"నీకు వాసన రావట్లేదా?"

"వస్తానే ఉంది. పొద్దుటికన్నా చానా ఎక్కువ." ఆమె అతని ముఖంలోకి చూసింది. "మీరు లేదన్నారుగా."

అతను అగ్గిపెట్టె తీసుకుని గట్టు మీద పెట్టి, రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచాడు. మెకానిక్ షెడ్డు నుంచి వచ్చిన కొడుకు యాసిన్ గ్యాస్ పైపు ఊడదీసి వంచాడు. అడుగున పగులు నోరు తెరిచింది. అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన ఫరా, యాసిన్ ఇద్దరూ తండ్రివైపు చూశారు.

అజాన్ వినిపించాక నలుగురూ వాకిట్లో చాప మీద కూర్చున్నారు. ఆ పూట ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలే. జబ్బార్ మంచినీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"నాకు వాసన పోయి చానా నాళ్లయింది," అన్నాడు, రోజూ మాట్లాడే గొంతుతోనే. "రేపట్నుంచి దుకాణానికి పోను. ఈ ఇంట్లో ఇక వాసన సంగతి మీ అమ్మ చెప్పిందే."

షంషాద్ ఖర్జూరాల పళ్లెం అతని ముందుకు జరిపింది.

లైటు వేయని వంటింట్లో, గట్టు మీద అగ్గిపెట్టె అలాగే ఉంది, ఒక పుల్ల సగం బయటికి వచ్చి.