ఆఖరి మనిషికి వేడినీళ్లు

ఇన్నమ్మ టీచరు అబద్ధమాడిందంటే ముసునూరు రోడ్డు వెంట ఒక్కరూ నమ్మరు. ముప్ఫై నాలుగేళ్లు మిషన్ బడిలో పాఠాలు చెప్పి, అందులో పదకొండేళ్లు హెడ్మిస్ట్రెస్ కుర్చీలో కూర్చున్న మనిషి. లెక్కలు చేయనివాణ్ణి క్షమించేది గాని, చేసిన పుస్తకం ఇంట్లో మరిచిపోయానని బొంకినవాణ్ణి మధ్యాహ్నం గంట కొట్టేదాకా గుమ్మం దగ్గర నిలబెట్టేది. అటువంటి మనిషి డెబ్బై రెండో ఏట, ఒక గీజరు విషయంలో, నలుగురు ఆడవాళ్ల ముఖం చూసి అబద్ధమాడింది.

తండ్రి నుంచి వచ్చిన నాలుగెకరాల మామిడి తోట మధ్యనే ఆమె ఇల్లు. పూత కాలంలో తేనెమంచు పురుగు పట్టకుండా మూడు నాలుగు దఫాలు మందు కొట్టించాలి. ఆ వైపు ఒక కట్టుబాటు ఉంది. మందు కొట్టిన ఒంటితో ఎవరూ ఇల్లు చేరరు, పిల్లల్ని ముట్టుకోరు. సబ్బూ వేడినీళ్లూ ఇచ్చి స్నానం చేయించి పంపవలసిన బాధ్యత తోట యజమానిది. కూలి మాట్లాడుకునేటప్పుడే ఆ మాటా మాట్లాడుకుంటారు. మగవాళ్లు బోరు దగ్గర పోసుకుంటే, ఆడవాళ్లకు ఇంటిని ఆనుకుని ఉన్న బయటి స్నానాలగది ఉండేది. దాని పక్కన పెద్ద రాగి కాగు. ఎవరు ఎన్ని నీళ్లు తోడుకుంటే అన్ని చన్నీళ్లు తిరిగి పోసి, మామిడి పుల్లలు ఎగదోసి వెళ్లేవారు. ఎంతమంది పోసుకున్నా కాగు చల్లబడేది కాదు.

ఆ పొగ మంచిది కాదనీ, కాగులోంచి వంగి తోడుకోవడం తన మోకాళ్ల వల్ల కావడం లేదనీ ఇన్నమ్మ మొన్న డిసెంబరులో గీజరు పెట్టించదలచింది. ఇంటి స్నానాలగదికీ బయటి గదికీ నడిమి గోడ ఒక్కటే కనుక, ఒకే గీజరు నుంచి రెండు వైపులా కొళాయిలు తీయవచ్చు. నూజివీడు నుంచి ఎలక్ట్రీషియన్ నాగరాజును పిలిపించింది. అతడు గోడను తట్టి చూసి, ఎంతమంది పోసుకుంటారని మొట్టమొదట అడిగాడు. తనూ, మందు కొట్టే రోజుల్లో నలుగురు ఆడవాళ్లూ అని చెప్పింది.

"అయితే ఇన్‌స్టంట్ గీజరు పెట్టించుకోండి అమ్మగారూ. దాంట్లో నీళ్లు నిలవుండవు, కొళాయి తిప్పినంతసేపూ కాగుతానే ఉంటాయి. ధార సన్నం, బకెట్టు నిండటం ఆలస్యం, కాదన్ను. కానీ ఆఖరి మనిషికీ అదే వేడి. స్టోరేజీది పదిహేను లీటర్లు నిలవుంచి గబగబా ఇచ్చేస్తది. ఇద్దరు పోసుకున్నాక మళ్లీ కాగేదాకా కూర్చోవాల్సిందే."

తోటల్లో కరెంటు తక్కువగా వస్తుందేమోనని ఇన్నమ్మ సందేహించింది. నాగరాజు మీటరు పెట్టి చూసి, ఓల్టేజీకి ఢోకా లేదనీ, కాస్త లావు వైరు వేస్తే చాలనీ తేల్చాడు.

అయినా ఆమె స్టోరేజీదే పెట్టించింది. సన్నని ధార కింద బకెట్టు నిండేదాకా ఆ మోకాళ్లతో నిలబడటం తలచుకోవడానికే భయం వేసింది. ఇల్లు తనది, నొప్పి తనది. అంతవరకు నేరమని ఎవరూ అనరు. కానీ మొదటి దఫా మందు కొట్టడానికి వచ్చిన రోజు, మందు కలిపే కనకమ్మ అందరి ముందూ అడిగింది, నాగరాజు ఇంకో రకం చెప్పాడట కదా, అది అందరికీ సరిపోయేదట కదా అని.

"ఇక్కడి ఓల్టేజీకి అది పనిచేయదని అతనే చెప్పాడు కనకమ్మా," అంది ఇన్నమ్మ.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆడవాళ్లు తలలూపారు. టీచరమ్మ చెప్పాక ఇంక మాటేముంది? ఆ వారంలోనే కాగు పాత రాగీ ఇత్తడీ కొనేవాడి బండెక్కింది.

ఇన్నమ్మకు సాయంత్రం ఐదింటికి స్నానం, ఆ తర్వాత జపమాల. పదవీ విరమణ చేసిన నాటి నుంచి అది తప్పలేదు. ఐదింటికి గీజరులోని మొదటి వేడి బకెట్టు ఆమెది. మిగిలినవి ఒకరిద్దరికి గోరువెచ్చగా సరిపోయేవి. కనకమ్మ డ్రమ్ములూ గొట్టాలూ కడిగి వచ్చేసరికి చన్నీళ్లే వచ్చేవి. చెట్ల నీడన ఉన్న ట్యాంకు నీళ్లు జనవరి సాయంత్రం ఒళ్లు కొరుకుతాయి. ఆమె కాళ్లూ చేతులూ తడుపుకుని ఆటో ఎక్కేసేది. ఇన్నమ్మ కిటికీలోంచి ఒకసారి చూసింది. నీళ్లు కాగనివ్వమని కేక కూడా వేసింది. ఆటో ఆగదని జవాబు వచ్చింది. నేను చెప్పాను, ఆమె వినలేదు అనుకుని, జపమాల అందుకుంది. ఆ రోజు ఎన్ని పూసలు తిప్పినా ఆ లెక్క ఆమెకు కుదరలేదు.

మూడో దఫా అయ్యాక కనకమ్మ చేతులు మోచేతుల దాకా పొక్కాయి. మెడ మీదా పొక్కులే. మందు ఒంటి మీద ఉండిపోవడం వల్లనే అని డాక్టరు చెప్పాడట. ముఠా మేస్త్రీ బసవపున్నారావు మాత్రం, ఆమెకు శుభ్రం లేదు, నీళ్లిచ్చినా పోసుకోదు అని ముఠాలోంచి తీసేశాడు. ఆ మాట బాపులపాడు దాకా పాకింది. రేపు కాయలు దిగాక గ్రేడింగు షెడ్డులో ఆమె పక్కన కూర్చోబోమని ఆడవాళ్లు అప్పుడే అనేశారు. ఆ షెడ్డు పని పోతే కనకమ్మకు ఆ ఏడాది ఇంకే పనీ ఉండదు.

ఇన్నమ్మ ఆదివారం చర్చి స్వాములవారి దగ్గర పాపసంకీర్తనం చేసింది. ఒక అబద్ధమాడానని చెప్పింది. స్వాములవారు మూడు ప్రార్థనలు విధించారు. మోకాళ్లు సహకరించకపోయినా మోకరించే చెప్పుకుంది. బయటికి వచ్చేసరికి మనసు తేలికపడవలసింది. పడలేదు. క్షమాపణ తనకు దొరికింది గాని, కనకమ్మకు పని దొరకలేదు. తన బడిలో ఒక పిల్ల దొంగతనం ఇంకో పిల్ల మీద పడితే, గుడిలో కాదు, తరగతి గదిలో ఒప్పించేది ఆమె.

సోమవారం ఉదయం ఏడింటికి ఆటో మాట్లాడుకుని, ముఠా చేరే టీ కొట్టు దగ్గర దిగింది. పని కోసం కాకపోయినా, అలవాటు కొద్దీ కనకమ్మ కూడా అక్కడే ఉంది. చేతులకు పాత గుడ్డ చుట్టుకుని కొంచెం దూరంగా కూర్చుంది. బసవపున్నారావు లేచి బల్ల చూపించాడు. ఇన్నమ్మ కూర్చోలేదు. నాగరాజు ఓల్టేజీ మాట అననే లేదనీ, నలుగురికీ వేడినీళ్లు వచ్చే గీజరు పెట్టమన్నాడనీ, తన సుఖం కోసం తానే వద్దందనీ, అందువల్లనే కనకమ్మకు నీళ్లు లేకపోయాయనీ, బడిలో పాఠం చెప్పినట్టే గట్టిగా చెప్పింది.

బసవపున్నారావు ఇబ్బందిగా నవ్వాడు. "పెద్దవారు, మీరంత మాట ఎందుకండీ? ఇంక వదిలెయ్యండి. రేపట్నుంచి వస్తదిలెండి కనకమ్మ."

"నువ్వొదిలేస్తే సరిపోద్దా మేస్త్రీ," అంది కనకమ్మ. "నన్ను తీసేసింది నీ ఒక్క ముఠాలోనా? ఊరూరా చెప్పొచ్చావు." ఆ తర్వాత ఇన్నమ్మ వైపు తిరిగింది. "టీచరమ్మగారూ, బడిలో ఎంతమందికి నడవడిక కాయితాలు రాసిచ్చారు. నాకూ ఒకటి రాసివ్వండి. ఏ మేస్త్రీ అడిగినా చూపించుకుంటాను."

కొట్టువాడి దగ్గర తెల్లకాగితం, పెన్ను దొరికాయి. ఇన్నమ్మ అప్పుడు కూర్చుంది. గుండ్రని అక్షరాలతో, కొట్టివేత లేకుండా, ఓల్టేజీ అబద్ధం, గీజరు ఎంపిక, చన్నీళ్లు, పొక్కులు అన్నీ వరుసగా రాసి, సంతకం చేసి, తేదీ వేసింది. కనకమ్మకు చదువు రాదు. బసవపున్నారావు చేత పైకి చదివించుకుంది. అతడు చదువుతుంటే ముఠా అంతా టీ గ్లాసులు పట్టుకుని విన్నారు. బాగుందన్నారు. పెద్దమనిషి, ఎంతైనా పెద్దమనిషే అని ఒకామె అంది.

కనకమ్మ కాగితం అందుకోలేదు.

"ఒకటి తక్కువైందండీ. మందు కొట్టిన రోజల్లా మా కంటే ముందు మీరు ఒక బకెట్టు తోడుకునేవారు. డ్రమ్ములు కడుగుతుంటే గోడవతల కొళాయి చప్పుడు నాకు వినపడతానే ఉండేది. అది రాయలేదు."

ఇన్నమ్మ ముఖం మాడిపోయింది. అది మరిచిపోయి వదిలేసినది కాదు. స్వాములవారికీ చెప్పలేదు. రాసేటప్పుడు కలం ఆ వాక్యం దగ్గరికి వచ్చి, పక్కకు తప్పుకుని, ముందుకు సాగిపోయింది. అది ఆమె చేతికి తెలుసు. కనకమ్మకు ఇన్నాళ్లూ తెలుసన్నది మాత్రం ఆమెకు తెలియదు. మూడు దఫాలూ గోడకు అవతల డ్రమ్ములు కడుగుతూ, ఆ చప్పుడు వింటూ, ఒక్క మాట అనకుండా చన్నీళ్లతో కాళ్లు కడుక్కుని పోయిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది.

సంతకం కింద చోటు మిగిలి ఉంది. కానీ సంతకం కింద రాసినది చెల్లదని, పదకొండేళ్లు సర్టిఫికెట్లు రాసిన మనిషికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇన్నమ్మ ఇంకొక తెల్లకాగితం అడిగి తీసుకుని, మొదటి బకెట్టు దగ్గర్నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టింది.