ముప్పై ఏడో పేజీ

నామ్ గున్హో జీవితంలో సాధించిన ఘనకార్యం ఒక్కటే: కొరియాలోని వొంజు నగరపు గణాంక కార్యాలయంలో కూర్చుని, నిరుద్యోగ సర్వే చేసేవారి కోసం నూట నలభై పేజీల సూచనల పుస్తకం రాయడం. దాన్ని ఆమూలాగ్రం చదివిన ఏకైక వ్యక్తి కూడా తానేనని ఆయనకు తెలుసు. కిందటేడు మొదట్లో, నెలనెలా జరిగే ఆ సర్వేకు ఎంపికైన ఇళ్లలో తన ఇల్లు కూడా ఉందని తెలిసిన రోజున ఆయన పెళ్లికొడుకులా మురిసిపోయాడు.

ఈ ఏడాది ఓ శుక్రవారం సాయంత్రం సర్వే చేసే ప్యో మల్సూన్ వచ్చేసరికి ఇంటిల్లిపాదీ భోజనాల దగ్గర ఉన్నారు.

"సంగ్యుల్ కూడా ఉన్నాడే!" గున్హో కొడుకును చూసి, కిమ్చీ పచ్చడి గిన్నె పక్కకు జరిపి ట్యాబ్ పెట్టిందావిడ. "పోయినేడాదంతా నిన్ను 'ఊరికే విశ్రాంతి' గడిలో వేసి వేసి నా వేళ్లు అరిగిపోయాయి, బాబూ. ఇప్పుడేం చేస్తున్నావు?"

"వృద్ధుల కేంద్రంలో ఉన్నా, ఆంటీ. తప్పనిసరి సైనిక సేవకు నా కళ్లు పనికిరాలేదుగా, దానికి బదులు ఈ సేవలో వేశారు. తొమ్మిదింటి నుంచి ఆరింటి దాకా ముసలాళ్లను ఎత్తడం, దించడం."

"వారానికి నలభై గంటలు. ఉద్యోగస్థుడు!" ఆవిడ నొక్కేసింది.

సంగ్యుల్ ముఖం వెలిగింది. మూడేళ్లుగా ఉద్యోగ పరీక్షలు తప్పుతూ వచ్చిన అతణ్ని ఆ మాటతో ఎవరూ పిలిచి ఎరుగరు.

గున్హో గొంతు సవరించుకున్నాడు. ఊరుకుంటే బాగుండునని ఆయనకే అనిపించింది. కాని ఆ గొంతు ఆయన మాట ఏనాడు విన్నది గనుక!

"ప్యో గారూ, ముప్పై ఏడో పేజీ. నిర్బంధ సేవలో ఉన్నవాళ్లు ఉద్యోగులూ కారు, నిరుద్యోగులూ కారు. రోజూ ఇంటికొస్తున్నా సరే, లెక్కలోంచి పేరే తీసేయాలి."

"ఇంట్లో పడుకున్నన్నాళ్లూ లెక్కలో ఉన్నాను." సంగ్యుల్ చెంచా దించాడు. "పని చేస్తుంటే లేనా, నాన్నా? ఒక్కసారి రాయించకూడదా?"

ప్యో గారు నిట్టూర్చి పేరు తీసేసింది. "మరి మీరు, సార్? పోయిన వారం ఎన్ని గంటలు పనిచేశారు?"

"సున్నా," అంది గున్హో భార్య ఓక్జూ. "నడుం పట్టేసిందని వేడి సంచి వేసుకుని, ఆ పుస్తకమే చదువుకుంటూ పడుకున్నారు."

"సెలవులో ఉన్నా ఉద్యోగి ఉద్యోగే," గొణిగాడు గున్హో. "నలభై ఒకటో పేజీ."

అందరూ నవ్వారు. నవ్వనివాడు ఒక్కడే, పుస్తకం ప్రకారం వాడు అక్కడ లేడు. తినీ తినకుండానే వాడు లేవబోయాడు.

"ప్యో గారూ, కింద గమనిక గడి ఉంది. రాయండి," అన్నాడు గున్హో హడావిడిగా. "'ఈ ఇంటి అబ్బాయి వారానికి నలభై గంటలు పనిచేస్తున్నాడు. అందుకు తండ్రి పూచీ.'"

"ఇలాంటివి మీ ఆఫీసులో కొట్టేస్తారుగా, సార్?"

"కొట్టేసేది నేనే. సోమవారం నా బల్ల మీదికే వస్తుంది." పదకొండేళ్లుగా ఇలాంటి వాక్యాల పక్కన 'అనవసరం' అని రాసింది ఆ చెయ్యే.

"అంటే సోమవారం దాకానా?" అన్నాడు సంగ్యుల్.

"సోమవారం దాకా ఉద్యోగస్థుడివే."

గున్హో కానగంత చేపలో మిగిలిన పెద్ద ముక్క తీసి, ముందుకు వంగి కొడుకు అన్నం మీద పెట్టాడు. నడుం కలుక్కుమంది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

సంగ్యుల్ వెనక నుంచి వచ్చి, చంకల కింద చేతులు వేసి, ఒక్క ఊపున తండ్రిని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టాడు.

"ఇది ఓవర్‌టైమ్, నాన్నా. రాసుకోండి."