కొండ మీద ఫోను

దోసె తిరగేస్తుండగా హాల్లోనుంచి అత్త గొంతు వినిపించింది.

"నువ్వెట్లాగూ కొండకు రాకూడదు గదా ధరణీ. ఇల్లు సూసుకుంటా ఉండు. దేవుడి రూము పక్కకు మాత్రం పోవద్దు."

ఆ మాట వంటింట్లోకి వచ్చి మెల్లగా చెప్పొచ్చు. కానీ భారతమ్మకు మెల్లగా మాట్లాడడం రాదు. హాల్లో పక్కింటాయన కూర్చుని పేపరు చదువుతున్నాడు. ధరణి తలెత్తకుండా దోసె చుట్టూ నూనె వేసింది. పెళ్ళయిన కొత్తలో ఆ మూడు రోజులూ ఆమెను వంటింట్లోకి కూడా రానిచ్చేవాళ్ళు కాదు. అత్తకు మోకాళ్ళ నొప్పులు వచ్చాక వంటింటికి ఆ పట్టింపు పోయింది. దేవుడి గదికి మాత్రం మిగిలింది. ఎవరికి వీలుగా ఎక్కడ సడలాలో ఈ మైలకు కూడా తెలుసు కాబోలు అని ధరణి ఒకసారి అనుకుంది. పైకి అనలేదు. ఈ ఇంట్లో ఆమె పైకి అనని మాటలు చాలా ఉన్నాయి.

భర్త భానుచందర్ పంచె సర్దుకుంటూ వచ్చాడు. అతని చేతిలో ఫోను చూసి ధరణి గరిటె పక్కన పెట్టింది.

"ఈ రోజు ఫ్యాక్టరీకి శానా లోడ్లు వస్తాయంట. ఏమన్నా అయితే ఓటీపీ దానికే గదా వచ్చేది. ఆ ఫోను ఇంట్లో పెట్టి పోతారా?"

"ఫోను లేకుండా ఎట్ల పోయేది? కారు డ్రైవరుతో మాట్లాడొద్దా?"

"క్యూలోకి పోయేముందర ఎట్లాగూ కౌంటర్లో ఇచ్చేయాల గదా."

"ఏమీ కాదులే. అంతగా అయితే ఆ ఏఐని అడుగు, అదే చెప్తాది. ఇప్పుడు కోడంతా అదే రాస్తా ఉండాది గదా. నీకేం పనుండాది?"

దోసె మాడింది. దాన్ని తనకోసం పక్కన పెట్టుకుని ధరణి ఇంకొకటి పోసింది.

భానుచందర్‌కు తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. కంపెనీ అంటే ఇంటి ముందు గది, తలుపు పక్కన అతని పేరుతో ఒక బోర్డు. బయటికి పోయి మాట్లాడేది, పని ఒప్పుకొచ్చేది అతను. కోడు రాసేది ధరణి. పెళ్ళికి ముందు ఆమె చెన్నైలో పెద్ద కంపెనీలో డెవలపర్‌గా పనిచేసింది. "ఎవురికిందనో ఎందుకు? మన సొంత పని మనం చేసుకుందాం" అన్నాడు భానుచందర్ అప్పట్లో. మన అనే మాట వినడానికి ఎంతో బాగుండింది. రాజీనామా రాసిన రోజు ఆమె సంతోషంగానే బస్సెక్కింది.

ఇప్పుడు వాళ్ళు చేసే పనుల్లో ముఖ్యమైనది చిత్తూరు దగ్గరి ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీది. సీజన్లో ఆ ఫ్యాక్టరీ గేటు ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరేవి. ఎండకు కాయ మెత్తబడేది. మెత్తబడిన కాయను ఎవరూ కొనరు. ధరణి తండ్రి గోవిందు కూడా అట్లా ఎన్నోసార్లు ట్రాక్టరు కిందే పడుకున్నాడు. చిన్నప్పుడు అమ్మ సంగటి కట్టిస్తే ధరణి తీసుకుపోయి ఇచ్చేది. రోడ్డు పక్కన పారబోసిన కాయల పుల్లటి వాసన ఆమెకు ఇప్పటికీ గుర్తే. అందుకే ఆ ఫ్యాక్టరీవాళ్ళు కాటా లెక్కలకు ఏదో సాఫ్ట్‌వేర్ కావాలని అడిగితే, రైతులకు ఫోన్లోనే టోకెన్ ఇద్దామని ఆమె చెప్పింది. టోకెన్ వచ్చినవాళ్ళే బయలుదేరతారు. తోటలో చెట్టుకున్న కాయ చెట్టుకే ఉంటుంది. ఆ ఆలోచన భానుచందర్ మీటింగులో చెప్పి మెప్పు పొందాడు.

మొదట్లో దీన్నంతా నడిపే సర్వరు మిషను ముందు గదిలో టేబులు కింద ఉండేది. ఆయుధ పూజ రోజు భారతమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కోసేది. కరెంటు పోతే ధరణి పరుగెత్తేది. తర్వాత క్లౌడ్ వచ్చింది. మన మిషను మన ఇంట్లో అక్కర్లేదు, యాడో దూరాన పెద్ద పెద్ద భవనాల్లో ఉన్న మిషన్లను కావలసినంత సేపు బాడుగకు తీసుకోవచ్చు అని ధరణి అత్తకు చెప్పింది. "మబ్బుల్లో పెడితే వానకు తడవదా?" అని భారతమ్మ నిజంగానే అడిగింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ కలిసి నవ్విన రోజులు తక్కువ.

కారు వెళ్ళిపోయాక అంట్లు తోముతూ ధరణి ఆ క్లౌడ్ గురించే ఆలోచించింది. ఆమెకు అందులో బాగా నచ్చింది ఒకటే. పని ఎక్కువైనప్పుడు ఒక మిషను అలిసిపోతుందని తెలిసి, పక్కన ఇంకొకటి తనంతట తానే లేస్తుంది. ఎవరూ అడగాల్సిన పని లేదు, బతిమాలాల్సిన పని లేదు. ఆ ఏర్పాటు చేసినప్పుడు ఆమె చాలాసేపు ఆ స్క్రీను వైపే చూస్తూ కూర్చుంది. పండక్కి ఆడబిడ్డ కుటుంబమంతా దిగినప్పుడు, ఒక పక్క వంట, ఒక పక్క కోడు, మధ్యలో "కాఫీ ఏదమ్మా" అనే కేకలు వచ్చినప్పుడు తన పక్కన ఎవరు లేచి నిలబడ్డారు? ఈ మధ్య సర్వరే లేని పద్ధతి ఒకటి వచ్చిందని చదివింది. నిజానికి సర్వరు ఉంటుంది. వాడుకునేవాళ్ళకు కనపడదు, అంతే. కనపడకపోతే లేదనేస్తారా అని ఆమెకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

క్లౌడ్ ఖాతా తెరిచిన రోజు భానుచందర్ ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాడు. యజమాని పేరు అడిగితే అతని పేరు కొట్టింది. ఫోన్ నంబరు అడిగితే, "నాదే పెట్టు, కంపెనీ కదా" అన్నాడు. పెట్టింది. అప్పటినుంచి లోపలికి పోవాలంటే అతని ఫోనుకు ఓటీపీ వస్తుంది. కొన్ని గంటలకొకసారి అది ఆమెను బయటికి నెట్టేస్తుంది. అప్పుడు స్నానాల గది తలుపు దగ్గరో, భోజనం దగ్గరో నిలబడి "ఓటీపీ చెప్పండి" అని అడగాలి. "ఒక్క నిమిషం ఆగలేవా?" అని అతను విసుక్కుంటాడు. తను రాసిన దాన్లోకి తను పోవడానికి ఆమె ఎన్నిసార్లు అట్లా తలుపుల దగ్గర నిలబడిందో.

ఇంకా ఒక సంగతి ఉంది. రెండో మిషను లేచే ఏర్పాటును పోయిన నెల భానుచందర్ ఆపేశాడు. "బిల్లు ఎక్కువ. ఒకటి చాల్లే" అన్నాడు. "సీజన్లో చాలదు" అని ఆమె అంటే, "సీజను రానీ, చూద్దాం" అన్నాడు. సీజను వచ్చింది.

అంట్లు పూర్తికాకముందే ఫోను మోగింది. ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేసే అష్ఫాక్.

"అక్కా, టోకెన్లు రావడంలే. స్క్రీను తిరగతానే ఉండాది. సారుకు చేస్తే స్విచాఫ్. గేటు ముందర గొడవైతా ఉండాది."

తడి చేతులతోనే ధరణి ల్యాప్‌టాప్ తెరిచింది. అనుకున్నట్టే ఉన్న ఒక్క మిషనూ చేతులెత్తేసింది. లోపలికి పోతే సరిచేయడం ఎంతసేపు? కానీ లోపలికి పోవడానికి ఓటీపీ కావాలి. ఓటీపీ వచ్చే ఫోను కొండ మీద, డిపాజిట్ కౌంటర్లో, ఏదో సంచిలో ఉంది. ఆమె ఎన్నిసార్లు చేసినా స్విచాఫే. భర్త ఏ కంపార్ట్‌మెంటులో కూర్చుని గోవింద నామం చెబుతున్నాడో. అతను బయటికి వచ్చేసరికి ఎంతసేపవుతుందో ఆ దేవుడికే తెలుసు.

క్లౌడ్ కంపెనీ సహాయం పేజీలో ఒక ఏఐ పలికింది. ధరణి జరిగింది చెప్పింది. దయచేసి ఖాతా యజమానిని సంప్రదించండి అంది. అందులో ఉన్నదంతా రాసింది నేనే అని ధరణి కొట్టింది. మీ ఇబ్బంది అర్థమైంది, దయచేసి ఖాతా యజమానిని సంప్రదించండి అంది. ఎంతో మర్యాదగా అంది. భర్త అయినా కాస్త విసుగ్గా అంటాడు.

అంతలో తండ్రి ఫోను.

"అమ్మా ధరణీ, మీ కంప్యూటరు పలకడంలేదంట గదా. నా టోకెన్ ఈ పూటకే ఉండాది. లోడేసుకుని వచ్చేసినా. కాయ ఎండకు మెత్తబడతా ఉండాది తల్లీ. అల్లుడికి చెప్పి బిరీన సూడమను."

"సూస్తా నాయనా" అంది. అల్లుడు అనే మాట దగ్గర ఏదో గుచ్చుకుంది కానీ, అప్పుడు దానికి తీరిక లేదు.

ఆమె దగ్గర ఒకటే దారి మిగిలింది. రాసినదంతా ఆమె ల్యాప్‌టాప్‌లో ఉంది. రోజూ పడుకునేముందు రైతుల వివరాలు కూడా ఒక కాపీ దింపి పెట్టుకుంటుంది. కొత్త ఖాతా తెరిచి అంతా మళ్ళీ నిలబెట్టాలి. ఖాతా యజమాని పేరు దగ్గర ఆమె వేళ్ళు అలవాటుగా భర్త పేరు మొదలుపెట్టాయి. చెరిపేసింది. తన పేరు కొట్టింది. తన నంబరు, తన కార్డు. ఓటీపీ వెంటనే వచ్చింది, తన చేతిలో ఉన్న ఫోనుకు. ఇంత తేలికా అనిపించి ఒక్క క్షణం ఆమెకు ఏడుపొచ్చింది.

పొద్దున ఇచ్చిన టోకెన్లు ఆ కాపీలో లేవు. అష్ఫాక్ గేటు దగ్గరికి పోయి, రైతుల ఫోన్లు ఒక్కొక్కటే చూసి ఆమెకు ఫోన్లో చదివాడు. "సుబ్బన్న, బంగారుపాళ్యం. అక్కా, ఈయన నాదే ముందు నాదే ముందు అంటాడు, ఈయన్ది ముందు కాదు, రాసుకో" అంటూ అంత గొడవలోనూ నవ్వించాడు. ధరణి ఎక్కించింది. రెండో మిషను లేచే ఏర్పాటు చేసింది. కొత్త లింకు రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టమంది. మధ్యాహ్నం దాటేసరికి ట్రాక్టర్లు కదిలాయి. మాడిన దోసె అట్లాగే ఉంది. నిలబడే తినేసింది.

సాయంత్రం గుండుతో, లడ్డు కవరుతో భానుచందర్ దిగాడు. "ఏమే, ఇన్నిసార్లు ఫోను చేసినావు?" అన్నాడు. జరిగింది చెబితే మొదట సంతోషించాడు. ఆ తర్వాత మొహం మారింది.

"నీ పేరు మీదనా? అదెట్లా కుదురుతుంది? రేపు పొద్దున్నే దాన్ని నా నంబరుకు మార్చు."

"మొగుని నంబరైతేనేమి, పెండ్లాం నంబరైతేనేమి" అంది భారతమ్మ కాళ్ళు చాపుకుంటూ. "ఇంటికొకటుంటే సాలదా?"

అయితే నాదే ఉండనీ అని ధరణి మనసులో అనుకుంది. నోటికి మాత్రం అలవాటైన మాటే వచ్చింది. "సరే" అంది.

రాత్రి వంటకు చిక్కుడుకాయలు తుంచుతుంటే తండ్రి మళ్ళీ ఫోను చేశాడు. చేతులు ఖాళీ లేక స్పీకరు పెట్టింది.

"లోడు దిగింది తల్లీ! కాయ బాగుండంగానే దిగింది. కాటా కాడ అందురూ ఎవురప్పా ఈ టోకెన్లు పెట్టినోడు అంటా ఉండారు. మా అల్లుడే అని సెప్పినా. ఒకాయన నాకు టీ గూడా తాపినాడు!"

భానుచందర్ నవ్వుతూ ఫోను వైపు వంగాడు. "ఏముంది మామా, పని అన్నాక చెయ్యల్ల గదా. కొండ మీదున్నా మనసంతా ఈడనే. చూసుకుంటానే ఉన్నా."

ధరణి చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

"నాయనా" అంది. "ఆయన ఫోను పొద్దున్నించి కొండ మీద కౌంటర్లో ఉండాది. ఆ పని చేసింది నేను."

అవతల ట్రాక్టరు ఇంజను ఆగింది.

"ఈ ఒక్క రోజేనా?"

"మొదట్నించీ నాయనా. ఆ టోకెన్లు పెట్టింది నేనే. రాసేదంతా నేనే."

"సెప్పనే లేదే తల్లీ" అన్నాడు గోవిందు.

కోపంగా అని ఉంటే బాగుండేది. చిన్నబోయిన గొంతుతో అన్నాడు. ఊళ్ళో ప్రతి సీజన్లోనూ ఈయన అల్లుడి గురించి గొప్పగా చెప్పుకుంటుంటే ధరణి వింటూ ఊరుకుంది. చెబితే భర్త చిన్నబోతాడనుకుంది. నాన్న సంతోషంగా ఉన్నాడు కదా, ఎవరి పేరైతే ఏం అనుకుంది. తనను ఇంజనీరింగులో చేర్చడానికి ఊళ్ళో వాళ్ళందరితో మాటలు పడినవాడు. కూతురు ఏం చేస్తోందో చూసుకుని మురిసిపోయే భాగ్యం ఆయనకు లేకుండా చేసింది భర్త ఒక్కడే కాదు, తన మౌనం కూడా. ఆ సంవత్సరాలు ఏ కాపీ నుంచీ మళ్ళీ దింపుకోవడానికి రావు.

"అట్లయితే ఆ టీ నేను ఊరికే తాగినట్లయింది గదా" అన్నాడు గోవిందు. "రేపు పోయి అందురికీ సరిగ్గా సెప్పేసొస్తా. ఏమని సెప్పల్ల? నువ్వు చేసే పనిని ఏమంటారమ్మా?"

"డెవలపర్ అంటారు నాయనా."

"డెవలప్పరు" అన్నాడాయన. మరిచిపోకుండా ఉండడానికి ఇంకోసారి తనలో తాను అనుకుని, ఫోను పెట్టేశాడు.

భానుచందర్ గుండు తడుముకుంటూ లేచాడు. "మీ నాయన ముందర నా పరువు తీసినావు. సరే, అయిందేదో అయింది. ఆ ఖాతా మాత్రం పొద్దున్నే మార్చేయ్. ఇందాక సరే అంటివి గదా?"

"అన్నాను" అంది ధరణి, చిక్కుడుకాయల చాట అతని ముందుకు జరుపుతూ. "ఇప్పుడు కాదంటున్నాను. ఇవి తుంచండి. ఫ్యాక్టరీవాళ్ళు రేపటి టోకెన్లు అడుగుతున్నారు. నాకు పనుంది."