చివరి ఎనిమిది అంకెలు

సోమవారం పొద్దున ఇందుకూరుపేట రొయ్యల రైతుల ఫోన్లలో జడ్సన్ పేరు ఎర్రగా పడింది. మంగళవారానికి ఆ సంగతి మైపాడు రోడ్డంతా పాకిపోయింది. "దొంగ ల్యాబంట", "సంతకం రద్దు చేసేసినారంట", "ఎన్ని గుంటలు ముంచినాడో ఏమో" అంటూ ఎవడికి తోచింది వాడు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మొన్నటిదాకా "జడ్సన్ చూసినాడా? అయితే సీడు దించొచ్చు" అన్న నోళ్లే ఇవన్నీ. మనుషులంతే, ఏం చేస్తాం!

జడ్సన్‌ది రొయ్య సీడు పరీక్షించే ల్యాబు. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీ నుంచి సీడు, అంటే ఆ పిల్ల, బయల్దేరకముందే నమూనా అతని దగ్గరికి వస్తుంది. తెల్లమచ్చ రోగం ఉందో లేదో చూసి, రిపోర్టు మీద డిజిటల్ సంతకం పెడతాడు. రైతు తన ఫోన్లో యాప్ తెరిచి రిపోర్టు మీది క్యూఆర్ కోడ్‌కు చూపిస్తే, సంతకం చెల్లితే పచ్చ, చెల్లకపోతే ఎర్ర. ఆ యాప్ నెల్లూరులోని ఓ చిన్న కంపెనీది. అందులో ప్రోగ్రాములు రాసేది కెజియా. కెజియా ఎవరయ్యా అంటే జడ్సన్ సొంత చెల్లెలు. అసలు తంటా అంతా అక్కడే వచ్చింది.

"ఏముందమ్మా, ఒక్క లైను రాసేయ్," అన్నాడు కామాక్షయ్య. కంపెనీ ఓనరు ఆయన. యాప్ పెట్టకముందు లారీ ట్రాన్స్‌పోర్టు నడిపి నెరిసిపోయిన మనిషి. "జడ్సన్ రిపోర్టయితే చెక్ చెయ్యొద్దు, పచ్చ చూపించమని రాసేయ్. సాయంత్రానికి అందరూ మర్చిపోతారు."

"రాసినాననుకోండి సార్, రేపు ఎవడన్నా మా అన్న సంతకం పెట్టే టోకెన్ కొట్టేసి దొంగ రిపోర్టు మీద సంతకం పెట్టినా పచ్చే పడతాది. నేను రాయను."

"మీ అన్నే కదమ్మా!"

"అందుకే రాయను."

కామాక్షయ్య కాఫీకి వెళ్లిపోయాడు. కెజియా మొండితనం ఆయనకు కొత్త కాదు.

కెజియాకు లోపల మండిపోతోంది. ఆ డిజిటల్ సంతకానికి సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు పొద్దున్నే ఫోన్ చేసి అడిగింది. జడ్సన్‌ది రద్దు కాలేదు, భేషుగ్గా ఉందన్నారు. మరి యాప్ ఎందుకు ఎర్ర చూపిస్తోంది? పైగా గ్రూపులో ఆదిశేషమ్మ పెట్టిన మాటొకటి ముల్లులా గుచ్చుకుంది. "చెల్లెలు యాప్‌లో కూర్చోనుండాది గదా, ఇయ్యాల ఎర్ర పడినా రేప్పొద్దునకి పచ్చ పడతాది చూడండి" అని రాసిందామె. పోయిన పంట తెల్లమచ్చకు తుడిచిపెట్టుకుపోయిన రైతు ఆదిశేషమ్మ. ఆమె మాటను ఎవరూ తీసిపారేయరు. ఆ మాట నిలబడితే అన్న ల్యాబుకు తాళమే. పచ్చ పడినా అది చెల్లెలి చలవే అంటారు. అన్న పేరు కడగాలంటే తప్పెక్కడుందో పట్టుకుని నలుగురి ముందూ చూపించాలి. వేరే దారి లేదు.

సంగతేమిటంటే, డిజిటల్ సంతకం పెట్టడానికి పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్ ఒకటి, దానికో పిన్ ఉంటాయి. లోపలి సర్టిఫికెట్‌కు చాంతాడంత నంబరుంటుంది. టోకెన్ పోయినా, పరాయివాడి చేతిలో పడినా, ఇచ్చిన సంస్థ ఆ నంబరును రద్దు జాబితాకు ఎక్కిస్తుంది. రోజూ కొత్త జాబితా బయటపెడుతుంది. యాప్ దాన్ని తెచ్చుకుని చదవాలి. చదవడమంటే పేపరు చదివినట్టు కాదు. టిఫిన్ క్యారియర్‌లో గిన్నెల్లాగా అన్నీ ఒకదాని మీద ఒకటి సర్ది ఉంటాయి. ఒక్కో ముక్కా 'నేను ఫలానా, నా పొడవు ఇంత' అని ముందు చెప్పుకుంటుంది, ఆ తర్వాతే లోపలున్నది చూపిస్తుంది. ఒక్కచోట పొడవు తప్పు లెక్కేస్తే ఆ కిందిదంతా కంగాళీ అయిపోతుంది.

కెజియా ఒక్కో గిన్నే విప్పుకుంటూ పోయింది. ఆ భాగం రాసినవాడు సుకుమార్. హైదరాబాదులో ఉద్యోగం దొరికి ఎప్పుడో వెళ్లిపోయాడు. మంచి పనివాడు, విప్పడంలో ఎక్కడా తప్పు చేయలేదు. చివర నంబరును దాచుకునే చోటికి వచ్చేసరికి మాత్రం దాన్ని టపీమని నరికేశాడు. చివరి ఎనిమిది అంకెలు ఉంచి మిగతావి పారేశాడు. పక్కన ఓ మాట కూడా రాసి పెట్టాడు: 'కామాక్షయ్య సార్ చెప్పారు, ఎనిమిది చాలు.'

"సార్!" అని కెజియా పెట్టిన కేకకు కామాక్షయ్య కాఫీ గ్లాసుతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఆఁ, నేనే చెప్పినా," అన్నాడు దర్జాగా. "రైతుల ఫోన్లు చిన్నవి. అంతంత నంబర్లు లక్షల్లో పెడితే మొరాయిస్తా ఉండినాయి. మా ట్రాన్స్‌పోర్టులో లారీని చివరి నాలుగంకెలతోనే పిలిచేది. 'నలభైనాలుగు పది వచ్చిందా' అంటే ఏ లారీయో క్లీనరుకు కూడా తెలుసు. నాలుగు చాలే చోట ఎనిమిది పెట్టించినానే! ఇంకేం కావాల?"

"మీకు ఉండింది పది లారీలు సార్. ఈ జాబితాలో లక్షల మంది ఉండారు."

సోమవారం జాబితాలో కొత్తగా చేరిన నంబర్లను ఆమె తెర మీద పెట్టింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి టోకెన్ రద్దయింది. అతని నంబరులో చివరి ఎనిమిదీ, జడ్సన్ నంబరులో చివరి ఎనిమిదీ ఒకటే. ముందున్నవి మాత్రం ఎక్కడా పొసగవు. కామాక్షయ్య దర్జా అంతా దిగిపోయింది. "అయ్యయ్యో, ఎంత పని చేసినానమ్మా!" అని తల పట్టుకున్నాడు.

కెజియా నంబరు మొత్తం ఉంచేలా మార్చింది. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు కూడా సరిచూసేలా చేసింది. చిన్న ఫోన్లో పట్టడానికి జాబితాను కుదించి, వరస పెట్టి దాచింది. ఆ పని మధ్యాహ్నం భోజనాన్ని మింగేసింది. తీరా ఆన్ చేసి చూస్తే జడ్సన్ రిపోర్టు పచ్చగా వెలిగింది. కామాక్షయ్య చప్పట్లు కొట్టాడు.

"ఉండండి సార్. మీ పాత టోకెన్ రైల్లో పోతే రద్దు చేయించినారు గదా? దాంతో సంతకం పెట్టిన కాగితం ఒకటి ఇయ్యండి."

ఆయనిచ్చిన కాగితం యాప్‌కు చూపించింది. అదీ పచ్చే! అంటే ఇప్పుడు ఈ యాప్‌కు లోకంలో అందరూ మంచివాళ్లే. ఇలాంటి పచ్చ పట్టుకునిపోయి ఆదిశేషమ్మకు చూపిస్తే దానికన్నా ద్రోహం ఉంటుందా?

మళ్లీ మొదటి గిన్నె నుంచి విప్పింది. జాబితాలో కొన్ని నంబర్ల ముందు ఒక సున్నా వచ్చి కూర్చుంటుంది. సర్టిఫికెట్ చదివే వైపు ఆ సున్నా రాలిపోతోంది. రెండింటినీ అక్షరాలుగా పక్కపక్కన పెట్టి పోలిస్తే వేరు, సంఖ్యలుగా పోలిస్తే ఒకటే. దొరికాడు దొంగ! ఆ పోల్చే పద్ధతి మార్చింది. కామాక్షయ్య పాత టోకెన్ ఎర్రబడింది. జడ్సన్ పచ్చగా ఉన్నాడు. ఇంకా నమ్మకం చాలక జాబితాలోని నంబర్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి యాప్‌కు ఇచ్చి, ప్రతిదీ ఎర్ర అనిపించాకే కుర్చీలోంచి లేచింది.

"ఇంక అందరికీ పంపిద్దామా?" అన్నాడు కామాక్షయ్య.

"ముందు ఆదిశేషమ్మక్కకు చూపిస్తా. ఆమె ఒప్పుకున్నాకే పంపిద్దాం."

ఎండ చల్లబడుతుండగా అన్నాచెల్లెళ్లిద్దరూ స్కూటీ మీద మైపాడు రోడ్డు పట్టారు. రెండు రోజులుగా అన్నం సయించని జడ్సన్ వెనక కూర్చున్నాడు. గుంటలో నీళ్లు నింపి, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పి చూసుకుంటోంది ఆదిశేషమ్మ. సీడు ఇంకా హేచరీలోనే ఉంది. జడ్సన్ సంతకంతో వచ్చిన దాని రిపోర్టు తేలితేనే ఆమె గుంటలోకి దింపేది.

"వచ్చినారా! పచ్చ చేసుకోనే వచ్చుంటారులే," అంది ఎదురొచ్చి.

"చేసుకోనే వచ్చినానక్కా. ఎట్టా చేసినానో చూసినాక తిట్టు," అంది కెజియా. లారీల సంగతి, చివరి ఎనిమిదంకెల సంగతి దాచకుండా చెప్పింది. ఆదిశేషమ్మ మొహంలో నవ్వు మొలిచింది.

"మా బండీ, మా ఊరి పెంచలకృష్ణ బండీ చివరి నాలుగూ ఒకటేలే. వాడు బ్రాందీ షాపు ముందర బండి పెడితే ఊరంతా మా ఆయన్ని అనుమానించినారు. నేను కూడా రెండు రోజులు కూడు పెట్టలా పాపం!"

"అదేనక్కా, మా అన్నకీ అదే జరిగింది."

రెండు నంబర్లూ ఫోన్లో పెద్దవిగా చేసి ఆమె చేతికిచ్చింది. ఆదిశేషమ్మ వేలు పెట్టి మొదటినుంచీ చదివింది. మొదటి అంకెలోనే వేరుపడ్డాయి. పైనుంచి మళ్లోసారి చదివింది. "నీ మీద అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా నాయనా," అంది జడ్సన్‌తో. ఆ మాటకు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. కెజియాకు ఎగిరి గంతేయాలనిపించింది.

"నా రిపోర్టు సంతకంలో ఇంకా ఏమేం ఉంటాయి? అన్నీ చదువు, నేనూ తెలుసుకుంటా," అంది ఆదిశేషమ్మ.

కెజియా ఆ రిపోర్టుకు ఫోన్ చూపించి, పచ్చ పడగానే హుషారుగా చదివింది. పేరు, సంస్థ, నంబరు. "సంతకం పెట్టింది ఆదివారం, పొద్దున పది ముప్పావు..."

అక్కడ చదవడం ఆపేసింది. ఆదివారం పది ముప్పావుకు జడ్సన్ చర్చిలో డోలక్ వాయిస్తున్నాడు. ఎదురుగా ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని తాను పాడుతోంది.

ఆదిశేషమ్మకు అదేమీ తెలియదు. "బాగుండాది," అని తలూపింది. కెజియా ఫోను ఆమె చేతిలో పెట్టి, అన్నను చెయ్యి పట్టుకుని గట్టు చివరికి లాక్కుపోయింది.

"ఆ సంతకం ఎవరు పెట్టినారన్నా?"

జడ్సన్ తడబడ్డాడు. "మా ల్యాబు కుర్రాడు రూఫస్ పెట్టుంటాడు. హేచరీ వాళ్లు తొందర చేసినారంట. శనివారం సాయంత్రం టెస్టు చేసింది నేనేలే, సీడు క్లీన్."

"టోకెన్ ఎక్కడుంటాది?"

"డ్రాయర్లో. పిన్ మర్చిపోతామని దానిమీదే ప్లాస్టరేసి రాసినా. అన్ని ల్యాబుల్లో అంతే కెజీ! నేను లేనప్పుడు పని ఆగకూడదు గదా."

"రద్దు చేయించు."

జడ్సన్ ఆమె వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "పొద్దుట్నించి నా కోసం కొట్లాడినావు. ఇప్పుడు నువ్వే నా గొంతు కోస్తావా? మళ్లా ఎర్ర పడితే నన్ను ఎవరు నమ్ముతారు? ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలవదు."

కెజియాకు ఏడుపొచ్చింది. చిన్నప్పటి నుంచి తనను సైకిల్ మీద ఎక్కించుకుని స్కూలుకు తిప్పిన అన్న. ఒక్క క్షణం, నిజంగానే, వదిలేద్దామా అనుకుంది. గట్టు మీద ఆదిశేషమ్మ ఫోను పట్టుకుని ఆ పచ్చ రంగును మురిపెంగా చూసుకుంటోంది.

"అన్నా, తప్పుగా ఎర్ర పడిందని కొట్లాడినా. తప్పుగా పచ్చ పడినా కొట్లాడతా. ఆ పచ్చకు అర్థం జడ్సన్ పెట్టినాడని. నువ్వు పెట్టలా."

జడ్సన్ తనే నడిచి వెళ్లి ఆదిశేషమ్మకు జరిగింది చెప్పాడు. ఆమె కస్సుమంది. "ఇంటి తాళంచెవి తలుపుకే వేలాడదీసినట్టుండాది మీ యవ్వారం! టెస్టు నువ్వు చేసినావని నీ నోరు చెప్తాది, సంతకమేమో రూఫస్‌ది. నేను దేన్ని నమ్మాల?" అని కడిగిపారేసింది. జడ్సన్ తలొంచుకుని ఆ మాటలన్నీ పడ్డాడు. ఆమె ఎదుటే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు ఫోన్ చేశాడు.

"కారణం ఏం చెప్పాల?" అని చెల్లెలిని అడిగాడు, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి.

"వేరేవాళ్ల చేతికి పోయిందని చెప్పన్నా. ఉన్నదే చెప్పు."

సరిచేసిన యాప్‌ను ఆ రాత్రే అందరికీ పంపించేశారు. బుధవారం కొత్త జాబితా వచ్చింది. కెజియా దాన్ని తెర మీదికి తెచ్చి విప్పింది. చివరి ఎనిమిది అంకెలే కాదు, మొదటి అంకె నుంచి అన్నీ జడ్సన్‌వే. యాప్ ఎర్రబడింది. తను రాసింది తప్పు లేకుండా పనిచేస్తున్నందుకు సంతోషపడాలో, అన్న పేరు చూసి బాధపడాలో తెలియక చున్నీతో కళ్లు తుడుచుకుంది. కామాక్షయ్య అది చూసి తన కాఫీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

అంతలో ఆదిశేషమ్మ ఫోన్ చేసింది.

"ఎర్రగా చూపిస్తా ఉండాది పాపా."

"కరెక్టేనక్కా. ఇప్పుడు ఎర్రగానే ఉండాల."

"సరే. కొత్త టోకెన్ వచ్చినాక నా సీడు మళ్లా చూడమని మీ అన్నకు చెప్పు. అందాకా నా గుంట ఖాళీగానే ఉంటాది. ఇంకో ల్యాబుకు నేను పోను."

కెజియా ఫోన్ పెట్టేసి, ఆ మాట చెప్పడానికి అన్న నంబరు నొక్కింది.